బ్రిడ్జి దాటిన: ఒక మత్తు డాక్టరు, ఒక ఎర్ర కారు

అడిగేది కారు గురించే

పని మానేసిన తర్వాత, అనస్తీషియా చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడు కరీంనగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. వెన్నులో సూది గురించో, గొంతులో గొట్టం వేయడం గురించో అడుగుతారని నేను ఆశపడతాను. చాయ వచ్చేదాకా మర్యాదకు అలాంటివి ఒకటి రెండు అడుగుతారు. కప్పు కింద పెట్టగానే అసలు ప్రశ్న బయటికి వస్తుంది.

"సార్, ఆ ఎర్ర కారేసుకొని రోజు లక్సెట్టిపేట దాక పోయేటోళ్లంట గదా?"

పోయేవాణ్ణి. రోజూ గోదావరి దాటి అవతలికి పోయి, తిరిగి వచ్చేవాణ్ణి. అప్పుడప్పుడు నస్పూర్, వారానికొకసారి అడవి దాటి ఉట్నూర్. ఆ కారును కొన్నవాళ్లు సాధారణంగా ఆదివారం పూట బయటికి తీసి, తుడిచి, మళ్లీ కవరు కప్పుకుంటారు. నేను దాన్ని ఆర్టీసీ బస్సులా తిప్పాను. అలా తిప్పి నేర్చుకున్నది మత్తు ఇచ్చే పనికి కూడా పనికొచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు. నేను గొప్పగా చేసినవి ఇందులో తక్కువ. వాటిని చెప్పుకోవడానికి సన్మానసభలు ఉన్నాయి.

మా పని తెలియనివాళ్లకు ఒక మాట. చిన్న ఊళ్లలో ఆపరేషన్ చేసే డాక్టరు తన నర్సింగ్‌హోమ్ మీదే ఇల్లు కట్టుకొని ఉంటాడు. మత్తు ఇచ్చే డాక్టరుకు అలాంటి చోటు ఉండదు. ఫోన్ వస్తే బయల్దేరతాడు, సూది ఇస్తాడు, మనిషి లేచేదాకా తల దగ్గర కూర్చుంటాడు, ఇంకో ఊరికి పోతాడు. జనం మమ్మల్ని అనస్తీషియా డాక్టరు అనరు. మత్తు డాక్టరు అంటారు. ఆ పేరుతో కొత్త ఊళ్లో పరిచయం చేసుకుంటే ఏమవుతుందో ముందు ముందు చెప్తాను.

పెద్దసార్ స్టూలు

నాకు పని నేర్పింది దామోదర్‌రావు సార్. అందరికీ పెద్దసార్. ఆయన జీవితమంతా బస్సులో తిరిగాడు. ఒక చేతిలో మందుల సంచి, ఇంకో చేతిలో స్టీలు డబ్బా. ఆపరేషన్ డాక్టరు స్నానం చేసి కిందికి దిగేసరికే ఈయన థియేటర్లో ఉండేవాడు. ఆక్సిజన్ సిలిండర్ తిప్పి చూసుకునేవాడు, నోట్లో చేరే తడిని పీల్చే మిషన్ పని చేస్తుందో లేదో గ్లాసు నీళ్లతో పరీక్షించేవాడు, తర్వాత పేషెంటు పక్కన స్టూలు వేసుకొని పిచ్చాపాటి మాట్లాడేవాడు.

ఆయన దేవుడేం కాదు. నర్సులను ఊరికే కసిరేవాడు. కొత్త మందు ఏది వచ్చినా ముందు పదేళ్లు అనుమానించేవాడు. తన డబ్బా తిన్నాక అందరి డబ్బాలు రుచి చూసేవాడు. కానీ నస్పూర్‌లో ఒకసారి, హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన బొగ్గుబాయి కార్మికుడు బల్ల మీద పడుకొని ఆయన చేయి పట్టుకున్నాడు. గనిలో దిగడానికి భయపడని మనిషి.

"సార్, నేను పండుకున్నంక నువ్వు పోవు గదా?"

"నువ్వు లేచేదాక గీ స్టూలు మీదికెల్లి లేవ" అన్నాడు పెద్దసార్.

నిజంగానే లేవలేదు. మధ్యలో ఆపరేషన్ డాక్టరు చాయ తెప్పిస్తానన్నా వద్దన్నాడు. మా పని మొత్తం ఆ జవాబులో ఉందని నాకు అప్పుడు అర్థం కాలేదు. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చే ఆ ముసలాయనను చూసి, నాకు డబ్బు చేతికొస్తే మాత్రం ఇలా తిరగనని అనుకున్నాను.

కప్ప

డబ్బు చేతికొచ్చింది. కారు కొన్నాను. టర్బో ఇంజను, మనిషి మోకాలెత్తులో మూతి, కాలు ఆనిస్తే చాలు వీపును సీటుకు అంటించే రకం. రంగు ఎరుపు. అర్జెంటు కేసులకు తొందరగా చేరుకోవాలి కదా, పేషెంట్ల కోసమే కొన్నానని మా ఆవిడతో అన్నాను.

"ఎర్రదే కావాలని కూడ పేషెంట్లే చెప్పిండ్రా?" అంది ఆమె.

నేల మీద పాకినట్టు ఉంటుందని దారి పొడవునా పిల్లలు దానికి కప్ప అని పేరు పెట్టారు. అది స్పీడ్ బ్రేకర్లు దాటే తీరు చూస్తే ఆ పేరు అబద్ధం అనడానికి లేదు.

అలాంటి కారు రోజువారీ తిరుగుడుకు పనికొస్తుందా అని అడిగేవాళ్లకు నా జవాబు: వస్తుంది, దాని అలకలు భరిస్తే. దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్‌తో వ్యక్తిగత పరిచయం ఉండాలి. చొప్పదండి దగ్గరిదాన్ని వాలుగా ఎక్కించాలి, వెల్గటూరు దగ్గరిదాన్ని ఎలా ఎక్కినా కడుపు గీరుతుంది కాబట్టి దండం పెట్టుకొని ఎక్కాలి. టైర్ల పక్కగోడలు పలచన, గుంటలో పడితే బొబ్బ లేస్తుంది. అది తాగే మంచి పెట్రోలు ఉట్నూర్‌లో దొరకదు, కరీంనగర్‌లోనే కడుపునిండా తాపించి పోవాలి. నూనె మార్చే గడువు కంపెనీ పుస్తకంలో ఎంత ఉంటే అందులో సగానికే మార్చాలి, ఎందుకంటే ఆ పుస్తకం రాసినవాళ్లు మన లారీల వెనుక ఎగిరే బొగ్గు దుమ్ము చూసి ఉండరు. గట్టిగా నడిపాక వెంటనే ఆపకూడదు. టర్బో చల్లబడేదాకా ఇంజన్ను కాసేపు ఊరికే తిరగనివ్వాలి.

ఈ చివరిదాన్ని నేను తు.చ. తప్పకుండా పాటించాను. నర్సింగ్‌హోమ్ ముందు ఇంజను నడుస్తూ ఉండగానే కారును వాచ్‌మన్‌కు అప్పజెప్పి, నేను మాత్రం ఉరుకుల మీద లోపలికి పోయి నేరుగా చేతులు కడిగేవాణ్ణి. గంటసేపు లారీల సందుల్లోంచి దూసుకొచ్చిన మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు తెలుసు. వెన్నులో సూది వేయడం దారం ఎక్కించడం లాంటి పని. వేళ్లు నెమ్మదిగా ఉండాలి. అలాంటి రోజుల్లో ఒక్క పోటుతో అయ్యేది మూడు పోట్లు అయ్యేది. "వెన్ను గట్టిగుంది" అనేవాణ్ణి. ఎవరి వెన్నూ గట్టిగా లేదు. కారును చల్లబరిచినంత శ్రద్ధగా నన్ను నేను చల్లబరచుకోలేదు, అంతే. సూదిపోట్లు మాత్రం వేరేవాళ్లు భరించారు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఇంకేది మరిచినా పరవాలేదు, చేరగానే కాసేపు కూర్చోండి. సిలిండర్ చూసుకోండి. నీళ్లు తాగండి.

ఇంకో పేషెంటు

ఉట్నూర్‌లో ఒకసారి అపెండిక్స్ ఆపరేషన్ జరుగుతోంది. మనిషి పూర్తి మత్తులో ఉన్నాడు. నేను తల దగ్గర ఉన్నాను. బయట నా కారు అలారం మొదలైంది. జీపులు తప్ప వేరే బండి ఎరగని చోట ఆ అలారం ఎంత దూరం వినబడుతుందో చెప్పనక్కర్లేదు. ఒకసారి ఆగింది. మళ్లీ మొదలైంది. నా కళ్లు మానిటర్ మీదే ఉన్నాయి గానీ చెవులు కిటికీ దాటిపోయాయి. ఆపరేషన్ చేస్తున్న డాక్టరు తల ఎత్తకుండానే అన్నాడు.

"పోయి చూసి రారాదుండ్రి సార్. మీ ఇంకో పేషెంటు ఏడుస్తుండు."

నర్సులు మాస్కుల వెనుక నవ్వారు. నేను కదల్లేదు. ఆ మాత్రం పెద్దసార్ శిష్యరికం మిగిలింది. కానీ కదలకుండా కూర్చోవడం వేరు, అక్కడ ఉండటం వేరు. ఆపరేషన్ అయ్యాక పోయి చూస్తే బానెట్ మీద ఒక మేక పడుకొని ఉంది. ఎండలో వెచ్చగా, ఎత్తు కూడా దానికి సరిపోయినట్టుంది. నన్ను చూసి లేవలేదు.

ఒక మాట అలవాటైంది

ఇక అసలు తప్పు. కరీంనగర్ నుంచి లక్సెట్టిపేట పోయే దారిలో రాయపట్నం దగ్గర గోదావరి మీద బ్రిడ్జి ఉంది. అది దాటితే లక్సెట్టిపేట పావుగంట. అందుకే ఆ దారిన పోయే ప్రతి మనిషినీ ఫోన్‌లో ఎక్కడున్నావని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: బ్రిడ్జి దాటిన. పెళ్లికి ఆలస్యమైన చుట్టమైనా, సిమెంటు తెచ్చే లారీ డ్రైవరైనా అదే మాట. అప్పటికి ఇంట్లో చెప్పులు వేసుకుంటూ ఉంటారు. అవతలివాళ్లకూ తెలుసు. ఎవరూ పట్టించుకోరు.

నేనూ అనేవాణ్ణి. తేడా ఏమిటంటే, నా దగ్గర కారు ఉంది. బ్రిడ్జికి చాలా ఇవతల ధర్మారంలో ఉండి దాటిన అన్నా, మిగతావాళ్లలా దొరికిపోకుండా ఇంచుమించు ఆ వేళకు చేరేవాణ్ణి. అబద్ధం ఆడి, దాన్ని నిజం చేయడానికి యాక్సిలరేటర్ తొక్కేవాణ్ణి. ఆ కారుతో నేను రోజూ చేసిన పని నిజానికి ఇదే.

లక్సెట్టిపేటలో కాన్పుల డాక్టరు సుజాత మేడం. జాగ్రత్త గల మనిషి. నేను బస్సుల మీద పోయిన రోజుల్లో తెల్లారే ఫోన్ చేసి, ఫలానా కేసు ఉండొచ్చు, బయల్దేరండి అనేది. కారు వచ్చాక ఆ ఫోన్ రాను రాను ఆలస్యమైంది. సార్ తొందరగా వస్తాడు కదా అని ఆమె ధీమా. నేను ఎంత వేగం పెంచితే పిలుపు అంత ఆలస్యం అయ్యేది. మిగిల్చానని అనుకున్న సమయం పేషెంటుకు ఒక్క నిమిషం కూడా దక్కలేదు.

ఇందులో ఇంకో మనిషి కూడా ఉంది. స్రవంతి. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. మంచిర్యాలలో కాపురం పెట్టింది, అక్కడే మత్తు డాక్టరుగా నిలదొక్కుకుంటోంది. మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట నాకన్నా ఎంతో దగ్గర. సుజాత మేడం ఆమెను రెండు మూడుసార్లు పిలిచింది. ఆ సంగతి తెలిసి నేను మేడంతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"కొత్త పిల్లలతోని ఎందుకు పరేషాన్ మేడం? నేను లేనా? ఆమె చీర కట్టుకునేలోపట నేను వస్త."

స్రవంతికి పిలుపులు ఆగిపోయాయి. నేను పోటీ చేశానని కూడా అనుకోలేదు. పేషెంట్ల మంచి కోసం చెప్పానని అనుకున్నాను.

ఉలవలు

చలికాలం చివర. ధర్మారంలో ఉండగా మేడం ఫోన్.

"సార్, రజిత అని మొన్న చూపించిన గదా, మొదటి కాన్పు ఆపరేషన్ అయినామె. నొప్పులు మొదలైనయ్. పాత కుట్టు కాడ ఒకటే నొప్పంటుంది. ఇంక ఆగొద్దు. ఎక్కడున్నరు?"

ఆగొద్దు అంటే ఏమిటో నాకు తెలుసు. పాత కుట్టు విచ్చుకుంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు.

"బ్రిడ్జి దాటిన" అన్నాను. "టేబుల్ మీదికి తీసుకోండి."

ఆలోచించి ఆడిన అబద్ధం కాదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. ఆ తర్వాత దాన్ని నిజం చేయడానికి కాలు నొక్కాను.

బ్రిడ్జికి కాస్త ఇవతల ఒక పల్లె. మా రైతులకు ఒక అలవాటు ఉంది. ఎండిన ఉలవ కట్టెను వేళ్లతో సహా పీకి తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. లారీలు, బస్సులు దాని మీంచి పోతుంటే కాయ పగిలి గింజ రాలుతుంది. నూర్పిడి ఖర్చు లేదు. బండ్లు వస్తుంటే పక్కన నిలబడి, దీని మీంచే పో అని చేయి ఊపుతారు. ఆ రోజు ఒకామె అలాగే చేయి ఊపుతూ కనబడింది. పాపం గింజ రాలాలి కదా అనుకొని, ఉపకారం చేస్తున్నట్టు కట్టె మీదికి పోనిచ్చాను.

ఆమె ఊపింది ఆగమని.

లారీకి కింద బోలెడంత ఖాళీ. నా కప్పకు లేదు. కట్టె మొత్తం మూతి కిందికి ముద్దగా పోయి, చక్రాల ఇరుసుకు చుట్టుకుంది. కారు ఆమె పంటనంతా చీపురులా ఊడ్చుకుంటూ కొంత దూరం పోయి, మూలిగి, నిలబడింది. దిగేసరికి కింద నుంచి పొగ. వేడి సైలెన్సర్ మీద ఉలవలు వేగుతున్న కమ్మటి వాసన. ఆకలి పుట్టించే ప్రమాదం నా జీవితంలో అదొక్కటే.

ఆమె కొడవలి పట్టుకొని ఉరికివచ్చింది. పేరు లచ్చవ్వ అని తర్వాత తెలిసింది. నా ఈడుదే. పక్కన బోరు దగ్గర ఉన్న ఇద్దరు మొగవాళ్లు బకెట్లతో నీళ్లు తెచ్చి కిందికి చల్లారు. ఆమె ఒంగి కట్టెను కోసి బయటికి లాగుతూ నన్ను తిట్టింది.

"లారీ వోతే గింజ రాలుతది. నీ బండి వోతే కట్టెకు కట్టె మాయమైపాయె. కండ్లు కనిపిస్తలేవా?"

"తప్పైందక్కా. జర అర్జెంటు. నేను మత్తు డాక్టర్‌ను."

ఆమె కోయడం ఆపి నా ముఖం దగ్గరికి వచ్చి వాసన చూసింది.

"పొద్దుగాల్నే మత్తా? అందుకే గిట్ల నడిపినవ్."

అది కాదని, ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పి తెలియకుండా సూది ఇచ్చే డాక్టర్నని, లక్సెట్టిపేటలో ఒకామె ఆపరేషన్ బల్ల మీద నా కోసం చూస్తోందని చెప్పాను. లచ్చవ్వ బ్రిడ్జి వైపు చూసింది. పొగ వస్తున్న కారు వైపు చూసింది.

"మరి గీడేం జేస్తున్నవ్? ఫోన్ జెయ్."

ఫోన్ తీశాను. నిజం చెప్తున్నాను, మొదట నా నోట్లోకి వచ్చింది "రెండు నిమిషాల్లో వస్తున్న మేడం" అనే మాటే. పక్కనే లచ్చవ్వ పిడికెడు మాడిన కట్టె పట్టుకొని, ఈయన ఏం చెప్తాడా అని చూస్తోంది.

"మేడం, బ్రిడ్జి దాటలే."

"ఇప్పుడే గద సార్ దాటిన అన్నరు. ఆమెను టేబుల్ మీద పండుకోవెట్టిన."

"దాటలే. అనుడు అలవాటైంది. కారు ఆగిపోయింది. స్రవంతికి నేను ఫోన్ చేస్త."

"చెయ్యండి" అని పెట్టేసింది.

స్రవంతికి చేశాను. ఆమె పేరు ఫోన్‌లో వెతకాల్సి వచ్చింది, అంతకాలమైంది మాట్లాడి. సంగతి చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

"మీ కేసు గద సార్?"

"నాది గాదు. నువ్వు దగ్గరున్నవ్. పో బిడ్డా."

బస్సు

లారీలేవీ ఆగలేదు. అరగంట దాటాక వెనుక నుంచి పల్లెవెలుగు బస్సు వచ్చింది. రోజూ నేను హారన్ కొట్టి దాటిపోయే బస్సు. చేయి ఎత్తాను. డ్రైవరు కారును, మాడిన కట్టెను, నన్ను తీరుబడిగా చూసి ఆపాడు. ఎక్కగానే కండక్టరమ్మ గుర్తుపట్టింది.

"ఎర్ర బండి సారే గదా. రోజు మా బస్సు మూతి ముంగట కోసుకుంటపోతరు. ఏడికియ్యమంటరు టికెట్?"

సంగతి చెప్పాను. ఆమె డ్రైవరుకు వినబడేలా, మత్తు డాక్టరంట, కాన్పు కేసంట అని కేకేసింది. బస్సులో ముందు సగం వాళ్లకు మొదటి ముక్కే అందింది. కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన గబుక్కున జరిగి పక్కవాడితో అన్నాడు, "జర జాగియ్యి. మత్తుల ఉన్నడంట, పడతడు."

కూర్చున్నాను. బస్సు బ్రిడ్జి ఎక్కింది. ఎన్నేళ్లుగానో ఆ బ్రిడ్జి పేరు రోజూ పలికాను. దాని మీంచి గోదావరిని చూసింది ఆ రోజే. నీళ్లు సన్నగా, ఇసుక తెల్లగా, మధ్యలో ఎవరో ఇద్దరు వల సర్దుకుంటున్నారు. ఫోన్ చేతిలో ఉంది. ఇప్పుడు దాటిన అంటే నిజం. కానీ ఆ మాట కోసం ఎదురుచూసే మనిషి లేదు.

థియేటర్లో ఏమవుతోందో తెలియదు. రజిత ముఖం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మొన్న పరీక్ష చేసినప్పుడు భర్త దుబాయిలో ఉన్నాడని, పుట్టగానే బిడ్డను అతనికి వీడియోలో చూపించాలి కాబట్టి ఆపరేషన్ అయినా మెలకువ ఉండేలా సూది ఇవ్వమని అడిగింది. ఇస్తానన్నాను. ముఖం మాత్రం గుర్తుకు రాలేదు. ఆ రోజు కూడా తొందరలో ఉన్నాను.

డ్రైవరు ప్రతి స్టాపులో ఆపాడు. ఆపక తప్పదు. కానీ కండక్టరమ్మ దిగేవాళ్లను ముందే తలుపు దగ్గర నిలబెట్టి, దవాఖాన్ల మనిషున్నది, జల్ది దిగుండ్రి అంటూ ఉంటే, ముసలివాళ్లు కూడా గొణగకుండా దిగారు. బస్టాండుకు పోకుండా నర్సింగ్‌హోమ్ సందు మొగదల నన్ను దింపారు.

స్టూలు మీద ఎవరో

థియేటర్ తలుపు తోశాను. పాప ఏడుపు వినబడింది. తర్వాత తెలిసింది, ఆ ఏడుపు రావడానికి కాస్త సమయం పట్టిందని, వీపు రుద్ది, ఆక్సిజన్ పెట్టి రప్పించారని. రజిత బల్ల మీద మెలకువగా ఉంది. ఆమె తల దగ్గర స్టూలు వేసుకొని, మణికట్టు పట్టుకొని స్రవంతి కూర్చుంది. ఏదో నెమ్మదిగా చెప్తోంది. స్టూలు మీద కూర్చునే ఆ తీరు నేను నేర్పింది కాదు. పెద్దసార్‌ది. ఆయన ఎదురుగా కనబడుతున్నా నేను నేర్చుకోనిది, ఈ పిల్ల ఎక్కడ పట్టుకుందో.

ఆమె తల తిప్పకుండానే అంది, "సార్, బూట్లు బయట."

చూసుకున్నాను. మట్టి బూట్లతో, ప్యాంటుకు ఉలవ పొట్టుతో ఆపరేషన్ థియేటర్లో నిలబడ్డాను. బయటికి వచ్చాను.

సుజాత మేడం తర్వాత నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చాయ తెప్పించి, "కుట్టు పలచగైపోయింది సార్. ఇంకొంచెం లేటైతే..." అని ఆపేసింది. ఆ వాక్యాన్ని ఆమె పూర్తి చేయలేదు. నేను ఎన్నోసార్లు చేసుకున్నాను.

ఆ రోజే చెప్పాను, లక్సెట్టిపేట స్రవంతిది, అవసరమైతే ఆమె నన్ను పిలుస్తుందని. త్యాగం అనుకోకండి. ఆమెది ఆమెకు ఇవ్వడమే. కొత్తగా వచ్చేవాళ్లు పని కోసం దూరాలు పోతారు, పోవాలి కూడా. కానీ పోయే ముందు, ఆ పేషెంటుకు మీకన్నా దగ్గర్లో పని తెలిసినవాళ్లు ఉన్నారేమో చూడండి. ఉంటే, మీ కారు ఎంత వేగంగా పోయినా మీరు దూరమే.

మొలకలు

తిరుగు బస్సులో వచ్చి లచ్చవ్వ దగ్గర దిగాను. పిల్ల బతికిందా అని అడిగింది. బతికిందన్నాను. నా చేతికి చీపురు ఇచ్చింది. రోడ్డు పొడవునా నేను చెదరగొట్టిన ఉలవలను సాయంత్రం దాకా ఇద్దరం ఊడ్చి కుప్ప చేశాం. మధ్యలో ఇందాకటి బస్సు వెనక్కి పోతూ పొడుగ్గా హారన్ కొట్టింది. కండక్టరమ్మ కిటికీలోంచి చేయి ఊపింది. ఈసారి దాని అర్థం సరిగ్గానే తెలిసింది.

కారు అమ్మలేదు. పశ్చాత్తాపం వేరు, అంత మంచి ఇంజను వేరు. మా మెకానిక్ ఖాజా బాగు చేశాడు. మొత్తం గింజ తీసేసిన, ఏం ఫికర్ లేదు సాబ్ అన్నాడు. వానాకాలంలో మళ్లీ లిఫ్టు మీదికి ఎత్తితే, మూతి కింద రేకులో దుమ్ము, తడి చేరిన చోట ఉలవ మొలకలు వేలెడంత పెరిగి ఉన్నాయి. పీకాలా సాబ్ అని అడిగాడు ఖాజా. అతనికి నవ్వు ఆగడం లేదు. ఆ తర్వాత కూడా ఆ కారు చాలా ఏళ్లు తిరిగింది, చెప్పుకోదగ్గ రిపేరు లేకుండా. బస్సు వెనుకే, బస్సు వేగంతోనే. వేగంగా పోయే కారును నెమ్మదిగా నడిపితే ఎంత కాలం వస్తుందో అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పరు.

నా మాట మీద మాత్రం నమ్మకం తిరిగి రాలేదు. లచ్చవ్వ కోడలు కాన్పుకు సుజాత మేడం దగ్గరికే పోయింది. అలా లచ్చవ్వ నంబరు మేడంకు, మేడం నుంచి స్రవంతికి చేరింది. ఇక అప్పటి నుంచి నేను ఆ దారిన పోతుంటే వాళ్లు నన్ను అడగడం మానేశారు. నేరుగా లచ్చవ్వకే ఫోన్ చేసేవాళ్లు: ఎర్ర బండి పోయిందా?

నేను పని మానేస్తున్న వారం, ఒక పెద్ద ఆపరేషన్‌కు తోడుగా ఉండమని స్రవంతి పిలిచింది. చాలా ముందే బయల్దేరాను. సమయం ఉంది కదా అని లచ్చవ్వ ఇంటి ముందు ఆగి అరుగు మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఆ రోజు ఏమనుకుందో, స్రవంతి నాకే చేసింది.

"ఏడున్నరు సార్?"

"బ్రిడ్జి దాటలే బిడ్డా. లచ్చవ్వ ఇంటికాడ చాయ తాగుతున్న."

ఇంత నిజం నా నోట ఎప్పుడూ వినలేదు కాబట్టి ఆ పిల్ల నమ్మలేదు. ఒకసారి లచ్చవ్వకు ఇవ్వమంది. ఇచ్చాను. లచ్చవ్వ ఫోన్ చెవికి ఆనించి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఉత్తదే బిడ్డా" అంది. "చాయ ఇంకా పొయ్యి మీదనే ఉంది."